అక్కకు వచ్చింది, నాకు రాలేదు

నాన్న కిడ్నీలో గడ్డతో పోయినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో ఆయన మగ్గం నేసేవాడు. గంటల తరబడి మగ్గం గుంటలో కూర్చోవడం వల్ల వచ్చిందని ఒకరన్నారు, నీళ్ళు సరిగ్గా తాగడని ఇంకొకరన్నారు. అమ్మ అన్నిటికీ తలూపింది. అప్పటికే అక్కకు పెళ్ళయింది. బావకు కంకిపాడులో బట్టల కొట్టు ఉంది. డిగ్రీ కాగానే నేను విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో చేరి, సత్యనారాయణపురంలో గది తీసుకున్నాను. అమ్మ అక్క దగ్గరికి వెళ్ళింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ప్రతి ఆదివారం కంకిపాడు బస్సెక్కడమే నాకున్న సంసారం.

ఒక వేసవిలో అక్కకు ఎడమ కన్ను మసకబారింది. అద్దాలిస్తారనుకుని విజయవాడ తీసుకెళ్ళాను. కంటి డాక్టరు గారు చాలాసేపు చూసి, కంటి లోపల వెనక పొర మీద రక్తనాళాల గడ్డ ఉందన్నారు.

"మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ గడ్డ వచ్చిందా అండీ?"

"మా నాన్నగారికండీ" అన్నాను. కంటికీ కిడ్నీకీ ఏం సంబంధమో నాకర్థం కాలేదు.

స్కాన్ తీస్తే అక్క రెండు కిడ్నీల్లోనూ చిన్న చిన్న గడ్డలున్నాయి. కిడ్నీ డాక్టరు గారు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు.

"కణాలు అదుపు తప్పి పెరగకుండా చూసే జన్యువు ఒకటుంటుందమ్మా. అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒక కాపీ వస్తాయి. ఒకటి పాడైనా రెండోది పని నెట్టుకొస్తుంది. మీకు నాన్నగారి నుంచి వచ్చింది పుట్టుకతోనే పాడై ఉంది. కంటిలోనో కిడ్నీలోనో ఏ కణంలోనైనా రెండోది కూడా పాడయిందంటే ఇక అడ్డుండదు, అక్కడ గడ్డ మొదలవుతుంది."

"మరి మా చెల్లికి?" అంది అక్క. తన గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

"ఉండొచ్చు, లేకపోవచ్చు. సగం సగం. రక్త పరీక్ష చేయిద్దాం."

తిరుగు బస్సులో అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. "నీకూ ఉంటే ఏముందిలేవే, మనిద్దరం కలిసే తిరుగుదాం ఆస్పత్రుల చుట్టూ" అంది. నేను నవ్వాను. భయంలో కూడా ఆ మాట బాగుంది.

నాకు లేదని వచ్చింది.

రిపోర్టు తీసుకుని బందరు కాలువ పక్కన నడుస్తుంటే కాళ్ళు తేలిపోయాయి. దారిలో మిఠాయి కొట్టు దగ్గర ఆగి, ఏం చేస్తున్నానో చూసుకోకుండా అరకిలో కాజాలు కట్టించుకున్నాను. కంకిపాడులో దిగాక ఆ పొట్లం చూసి సిగ్గేసింది. బస్టాండులో బెంచీ మీద పెట్టేసి వెళ్ళిపోయాను.

సంగతి చెప్పగానే అమ్మ రెండు చేతులూ జోడించింది. "పోన్లే, దేవుడు ఒకరినైనా వదిలాడు" అంది, అక్క ముందే.

అక్క "మంచిది" అంది. మళ్ళీ "చాలా మంచిదే" అని, డాబా మీద బట్టలు తెచ్చుకోవడానికి వెళ్ళింది. వెనకే వెళ్దామని మెట్ల దాకా వెళ్ళి ఆగిపోయాను.

ఆ తర్వాత అక్క నాతో పోట్లాడలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆస్పత్రికి మాత్రం బావతోనే వెళ్ళొచ్చేది. నాకు తర్వాతెప్పుడో తెలిసేది. ఇదే జబ్బున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటి దొరికింది తనకు. మచిలీపట్నంలో ఒకావిడ స్నేహమైంది. ఆవిడతో లోపలి గదిలో ఫోన్లో మాట్లాడుతూ పగలబడి నవ్వేది. నేను హాల్లో కూర్చుని వినేదాన్ని. ఏమిటే అంత నవ్వు అని అడిగితే, "స్కాన్ ముందు మేం పడే పాట్లులే, నీకు తెలీదు" అనేది. చిన్నప్పటి నుంచీ అక్క నోట నేను విన్నది "మనం" అనే మాటే. ఆ "మేం"లో నేను లేను.

కిడ్నీల్లో క్యాన్సర్ గడ్డల వరకు కోసి తీశారు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాయి. మళ్ళీ తీశారు. మూడోసారీ వచ్చినప్పుడు డాక్టరు గారు నన్నూ పిలిపించారు.

"అన్నీ తీసేశామన్నారు కదండీ" అన్నాను, కాస్త గట్టిగానే.

"కనిపించినవి తీశామమ్మా. లోపమున్న జన్యువు కిడ్నీ అంతటా ఉంది, కొత్తవి పుడుతూనే ఉంటాయి. పైగా గడ్డలో కణాలన్నీ ఒకలాంటివి కావు. విత్తనాల్లాంటి క్యాన్సర్ మూలకణాలు కొన్ని ఉంటాయంటున్నారు. అవి కాసిని మిగిలినా మళ్ళీ గడ్డను లేపగలవట. దాని మీద ఇంకా పరిశోధన జరుగుతోంది, నేను గట్టిగా చెప్పలేను. మీ అక్కగారికి మాత్రం రెండు కిడ్నీలూ తీసేయడం మంచిది."

అంటే డయాలసిస్. కొన్నాళ్ళు చూసి, జబ్బు తిరగబెట్టకపోతే ఎవరైనా కిడ్నీ ఇవ్వొచ్చన్నారు. ఇంట్లోవాళ్ళయితే ఆ లోపం లేనివాళ్ళే ఇవ్వాలట.

ఆ మాట వినగానే నా గుండె ఎగిరింది. నాకు లేదన్న ఆ రిపోర్టు వచ్చాక నేను నిజంగా సంతోషించింది అప్పుడే. వరండాలోనే అక్కతో చెప్పేశాను.

"నేనిస్తానక్కా."

"వద్దు."

"పరీక్షలైనా చేయించుకోనీ."

"వద్దన్నానా! అమ్మకి ఒక్కదానివి ఒంటి మీద గాటు లేకుండా మిగిలావు. నిన్ను కూడా కోయించి ఆవిడ మొహం ఎట్టా చూడమంటావే?"

"అమ్మ కోసమేనా?"

అక్క చీర కొంగు సర్దుకుంది. "నాకూ అంతే. ఒకళ్ళం బాగున్నామనుకుంటేనే నాకు నిద్ర పడుతుంది. అది కూడా తీసుకోకు."

ఇన్నాళ్ళూ నన్ను దూరం పెట్టిందనుకున్నాను. దూరమే పెట్టింది, కానీ నాకేమీ కాకూడదని. అది తెలిసి నా ఒంటరితనం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. ఇప్పుడు డయాలసిస్‌కి విజయవాడే వస్తుంది. నేను ఆఫీసులో పూట సెలవు పెట్టి వెళ్తాను, ఆ ఒక్కటీ కాదనలేదు. లోపలికి రానివ్వరు. బయట కుర్చీల్లో కూర్చుంటాను. అయ్యాక నీరసంగా వస్తుంది. నీళ్ళు లెక్కగా తాగాలి కనుక చిన్న ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని చప్పరిస్తుంది. మొన్నొకసారి తనంతట తనే ఎడమ చెయ్యి నా ఒళ్ళో పెట్టి, "ఇదిగో, ఇక్కడ పట్టుకు చూడు" అంది. డయాలసిస్ కోసం నరాలు కలిపిన చోట, చర్మం కింద రక్తం తుమ్మెదలా జుమ్మంటోంది. చాలాసేపు పట్టుకున్నాను. తనూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కిడ్నీ మాట ఎత్తితే ఇప్పటికీ లేచి వెళ్ళిపోతుంది. బావ కూడా ఇక అడగొద్దన్నాడు. మచిలీపట్నం ఆవిడ ఫోన్లు ఆగిపోయాయి. ఎందుకని నేను అడగలేదు, అక్క చెప్పలేదు.

కంకిపాడు బస్సు ఎక్కించినప్పుడు కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెడతాను. బస్సు కదలక ముందే తల వాల్చి కళ్ళు మూసుకుంటుంది. నేను ప్లాట్‌ఫారం మీద కాసేపు నిలబడి, సిటీ బస్సు కోసం రోడ్డు దాటుతాను.