కూర్చోనివ్వని బట్ట

ఈ రోజు పటాన్‌చెరు కంపెనీ తోటలో కలుపు తీయడానికి పోతే, అరవై దాటినవాళ్లు తొడుక్కోవాల్సిందేనని సూపర్‌వైజర్ నా మోకాళ్లకు కొత్తరకం బట్ట తొడిగించాడు. మనిషి పడబోతే అది కనిపెట్టి గట్టిపడుతుందట. నేను గొంతుక్కూర్చోబోయాను. అంతే, బిగుసుకుపోయింది. కిందికి పోలేను, పైకి లేవలేను.

సూపర్‌వైజర్ ఫోన్ చూసి, "తాతా, పడిపోతున్నవని చూపిస్తుంది" అన్నాడు.

"పడుడు గాదు బిడ్డా, కూసునుడు! కలుపు గిట్లనే తీస్తరు. జల్దీ ఇడిపియ్యి."

"ఇడిస్తే రేపటి సంది పనికి రానియ్యరు."

తొడుక్కుంటే పని సాగదు, విప్పితే పనే ఉండదు. అతను రెక్క పట్టి పైకి లేపాక బట్ట సడలింది. ఇక సాయంత్రం దాకా నడుం వంచి నిలబడే పీకాను. ఈ బట్ట చేసినవాళ్లు ఒక్కనాడైనా నేలమీద గొంతుక్కూర్చున్నారా? మీకు తెలిస్తే చెప్పండి.