కొసన ఉన్న మూడు గుంజలు

మూడు తుమ్మ గుంజల బరువు నలభై ఏళ్లుగా మోస్తున్నాను. వాగులో నేనే పాతినవి. ఎప్పుడో కుళ్లి కొట్టుకుపోయాయి. బరువు మాత్రం పోదు. ఈ వయసులో దానితో విసిగిపోయి మీకు చెబుతున్నాను.

దేవరకొండ దిక్కున మా ఊరి వాగు ప్రతి వానకూ మా ఒడ్డును కోసేది. గోడ నుంచి ఒడ్డుదాకా మూరలు కొలిచి డైరీలో రాసేవాణ్ణి. పదకొండు. తొమ్మిది. ఏడు. రాతికట్టు కట్టే స్తోమత లేదు. ఒడ్డు పొడవునా తుమ్మకంప పరిచి గుంజలు బిగిస్తే ఎవరికీ నష్టం ఉండదు కానీ పది బండ్ల కంప కావాలి. వాగులోకి అడ్డంగా గుంజలు పాతి కంపగట్టు దించితే మూడు బండ్లు చాలు. నీళ్లు దానికి తగిలి అవతలికి మళ్లుతాయి. అదే చేశాను. ఊరంతా నా తెలివిని మెచ్చుకుంది. ఇప్పటికీ ఎవరైనా ఆ మాటెత్తితే ఒళ్లు మండుతుంది.

అవతలి ఒడ్డున సాయమ్మ ఇల్లు. ఆమె మగడు దొరల మీద కొట్లాడే సంఘంలో చేరి అడవిలో ఉన్నాడు. మిలిటరీ దిగాక ఆ గడప తొక్కడానికే జనం జంకారు. ఇక ఆమెకు కంప ఎవరు తోలుతారు?

ఒకనాడు మోకాలి లోతు నీళ్లు దాటి వచ్చింది.

"నీ గట్టు సక్కగనే ఉన్నది పటేలా. వాగును మా ఇంటికి సుట్టం జేసినవ్."

"వాగుకు తొవ్వ జూపెటానికి నేనెవణ్ణి సాయమ్మా? దానిష్టం అది."

"గట్లనైతే కొసకున్న మూడు గుంజలు పీకెయ్యరాదు? మా ఇంటాయన ఎన్నడన్న వస్తె ఏ ఇంటికి రావాలె?"

"పీకినా ఫరక్ పడదు. ఫికర్ జెయ్యకు."

ఫరక్ పడుతుందని నాకు తెలుసు. ఆ పొద్దున్నే వాగు దాటి ఆమె వైపు కూడా పాత ఒడ్డు గుర్తు నుంచి కొలిచి వచ్చాను. రెండు వానల్లో ఆరు మూరలు పోయాయి. మా వైపు ఒక్క మూరా పోలేదు. మాది రాశాను. ఆమెది రాయలేదు. ఎందుకు? ఆ గుంజలు తీస్తే మహా అయితే మా పశువుల కొట్టం పోయేది. మనిషి ఉండే ఇంటికంటే కొట్టం ఎక్కువని ఏ మూరతో కొలిచి తేల్చుకున్నానో, ఇన్ని డైరీలు తిరగేసినా దొరకదు.

మూడో వానకు పట్టపగలు ఆమె గోడ కూలింది. ఊరు వాగును తిట్టింది. నేనూ తిట్టాను. సాయమ్మ ఎవరినీ తిట్టలేదు. గిన్నెలు గంపకెత్తుకుని కూలి వెతుక్కుంటూ వెళ్లింది. ఎటని నేను అడగలేదు.

తర్వాత, అడవిలో మిలిటరీకి పట్టుబడిన ఆమె మగడు జైలు నుంచి వచ్చాడు. ఏ ఇంటికీ రాలేదు, ఖాళీ ఒడ్డుకు వచ్చాడు. నన్నే అడిగాడు. వాగు ముంచిందన్నాను. ఆమె ఎటు పోయిందో తెలియదన్నాను. ఆ రెండో మాట నిజమే కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో.

ఈరోజు ఆ ఏటి డైరీ తీశాను. మా కొలత పక్కన జాగా అట్లాగే ఉంది. రాశాను: అవతలి ఒడ్డు, ఆరు మూరలు, నా గట్టు వల్ల.

రాశాక ఆ జాగా నిండింది. అంతకు మించి ఏమీ మారలేదు.