దురద లేని చేతులు

1978 జూన్‌లో రాయపూర్‌లోని ఒక ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ అయ్యాను. ఓపీ నేను చూసేదాన్ని; చిక్కు కేసులు మాత్రం పైనున్న స్పెషలిస్టుకు వెళ్ళేవి. గజ్జిని ఎవరూ చిక్కు కేసు అనుకోరు. నేనూ అనుకోలేదు.

ఆ చలికాలం ఊళ్ళోని గుఢియారీ పేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. గూడ్స్ గార్డు సూర్యనారాయణ, భార్య లక్ష్మి, అయిదు నెలల పాప, అతని తల్లి అప్పలనరసమ్మ. వాళ్ళది విజయనగరం వైపు. లక్ష్మి పుట్టింట్లో పురుడు పోసుకొని, మూడో నెలలో పాపతో రాయపూర్ చేరింది. వచ్చిన నెల దాటాక ఆమెకు ఒళ్ళంతా దురద మొదలైంది. తర్వాత పాపకు, ఆపైన భర్తకు. కోడలే పుట్టింటి నుంచి తెచ్చిందని ఇంట్లో తేల్చేశారు.

దురద ఎవరెవరికని అడిగి, ఆ ముగ్గురికే మెడ నుంచి పాదాల దాకా పూసే మందు రాశాను. పాపకు నీళ్ళు కలిపి పలచన చేయమన్నాను, బట్టలు ఉడకబెట్టమన్నాను. రెండు వారాలకు తగ్గలేదని వచ్చారు. పురుగు చచ్చినా చర్మంలోనే ఉండిపోతుంది, కొన్నాళ్ళు దురద పోదు, ఓపిక పట్టమని పంపేశాను. చెప్పింది నిజమే. కానీ పాప అరికాళ్ళు చూడకుండానే చెప్పాను.

మూడోసారి చూస్తే ఆ అరికాళ్ళలో కొత్త గీతలున్నాయి. పురుగు తొలుచుకుంటూ పోయిన దారి పైకి అలా సన్నగా కనిపిస్తుంది. పాప నాయనమ్మ చేతుల్లో ఉంది. లక్ష్మి దూరంగా నిలబడింది. భార్యను పుట్టింటికి పంపేస్తున్నానని, రైల్వే పాసు కూడా తీసుకున్నానని, పాప ఇక్కడే డబ్బాపాలు తాగుతుందని సూర్యనారాయణ చెప్పాడు. లక్ష్మి రవిక పాలతో తడిసి ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"పిల్లకి నానే నీళ్ళు పోస్తన్నాను డాక్టరమ్మా, తల్లి సెయ్యి తగలనివ్వడం నేదు. నాకు ఆ దురద, ఖుజ్లీ, నేదు గదా," అంది అప్పలనరసమ్మ.

అప్పుడు చూశాను ఆమె చేతులు. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద మందంగా పొలుసులు కట్టి ఉన్నాయి. పనులు చేసి మొద్దుబారాయనుకుందట. బ్లేడుతో కాస్త గీకి, నూనె చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మామూలు రోగి ఒంటి మీద పది పదిహేను పురుగులుంటే ఎక్కువ. ఈమె స్లయిడంతా అవే.

ఆయాసానికి మందుల షాపులో అడిగి చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతోందామె. గజ్జిలో దురద పురుగు కాటు వల్ల కాదు. ఒళ్ళు దాన్ని పరాయిదని పోల్చుకొని చేసే పోరాటం వల్ల. మొదటిసారైతే పోల్చుకోవడానికే నెల పైన పడుతుంది. లక్ష్మికి అంటుకున్నది ఈ ఇంట్లోనే; ఇక్కడికొచ్చిన నెల దాటాక మొదలైంది అందుకే. ముసలామె ఒంట్లో మాత్రలు ఆ పోరాటాన్ని అణిచేశాయి. పురుగులు పెరిగాయి, దురద మాత్రం రాలేదు.

ఇదంతా చెప్పాక అప్పలనరసమ్మ పాపను కొడుకు చేతికిచ్చి, తన చేతులు కొంగులో దాచుకుంది.

"అయితే నానే అంటించీసినానా అమ్మా?"

అవునన్నాను. తెలిసి చేసింది కాదని, మొదటిరోజే ఆమె చేతులు చూడకపోవడం నా తప్పని కూడా చెప్పాను.

ఆమెను విడిగా ఒక గదిలో చేర్చుకున్నాం. మాత్రలు మెల్లగా తగ్గించే పని ఛాతీ వైద్యుడికి అప్పగించాను. ఇంటిల్లిపాదికీ ఒకే రోజు మందు పూయించాను. ముసలామెకు రోజూ గంధకం లేపనం రాయాలి. నర్సు వచ్చేలోపే లక్ష్మి డబ్బా తీసుకొని మంచం పక్కన కూర్చుంది.

"ఇటియ్యి అత్తా, సెయ్యి."

ఒక్కో వేలికీ నిదానంగా రాసింది. ముసలామె మొహం గోడవైపు తిప్పుకొని ఏడ్చింది. నేను కేసు షీటు చదువుతున్నట్టు నిలబడ్డాను. నిజానికి ఒక్క అక్షరమూ కనిపించలేదు. కొన్ని వారాలకు పాప అరికాళ్ళు నున్నబడ్డాయి. లక్ష్మి ఎక్కడికీ వెళ్ళలేదు.

దురద లేనంత మాత్రాన రోగం లేనట్టు కాదు. నేను రిటైరయ్యేదాకా, గజ్జితో పసిబిడ్డ వస్తే ఇంట్లో నీళ్ళు పోసేదెవరని అడిగి, వాళ్ళను పిలిపించి, ఆ చేతులు చూశాకే చీటీ రాసేదాన్ని.