మిగలని టికెట్లు

ఆర్వెల్ స్టాడర్డ్ కాఫీని ఊదుకోకుండా తాగడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. పొగలు కక్కుతున్న కప్పును అలాగే నోటికెత్తేవాడు. "నోరు కాలదా?" అంటే "ఏమో, తెలియట్లేదు" అనేవాడు. భార్య నదీన్ పోయిన దగ్గర్నుంచి ఇదే వరస. అంత్యక్రియల్లో ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. నేను చేసి పట్టుకెళ్ళిన ట్యూనా చేపల కాసరోల్ తిని గిన్నె కడిగి ఇచ్చేవాడు. బాగుందనడు, బాగాలేదనడు. నాకు జాలికంటే ఒళ్ళుమంట ఎక్కువయ్యేది. పోయింది ఆయనకు పెళ్ళామైతే నాకు స్నేహితురాలు కాదా?

నేనూ ఆర్వెలూ ఆనహైం ఊళ్ళో ఒకే వినోదాల పార్కులో పనిచేశాం. నాది పాప్‌కార్న్ బండి, ఎదురుగా ఆయనది గుర్రబ్బండి. ఆ రోజుల్లో లోపలికి రావాలంటే గేటు దగ్గర టికెట్ల పుస్తకం కొనాల్సిందే. అందులో ఇంగ్లీషు అక్షరాల వరసలో 'ఏ' నుంచి 'ఈ' దాకా అయిదు రకాలు. 'ఈ' అంటే గొప్పవాటికి: మంచుకొండ మీంచి జారే బండ్లు, నీళ్ళలో మునిగే ఓడ. 'ఏ' అంటే ఆర్వెల్. గేటు నుంచి గడియారస్తంభం దాకా వీధిలో తీసుకెళ్ళి దింపుతాడు, అంతే. నడిచినవాళ్ళు ఆయనకంటే ముందే చేరేవాళ్ళు.

జనం 'ఈ'లన్నీ మధ్యాహ్నానికే ఊదేసేవాళ్ళు. 'ఏ'లు మిగిలిపోయేవి. మా ఊళ్ళో ఏ వంటింటి సొరుగు లాగినా రబ్బరుబ్యాండ్ల కింద, పాడైపోయిన బ్యాటరీల పక్కన ఆ టికెట్లే. కొందరు మాత్రం వాటిని పారెయ్యడానికి మనసొప్పక, సాయంత్రం కాళ్ళు పీకుతుంటే వచ్చి ఆర్వెల్ బండెక్కేవాళ్ళు. అలాంటి వాళ్ళలోనే ఒకతె నదీన్. నారింజపళ్ళు సర్ది పెట్టెలకెక్కించే షెడ్డులో పని. ఆ వేసవిలో ప్రతి శనివారం అయిదింటికి వచ్చేది. ఎక్కుతూ ఒక టికెట్టు ఇచ్చేది. స్తంభం దగ్గర దిగకుండా తిరుగు ప్రయాణానికి రెండోది ఇచ్చేది. పుస్తకానికి 'ఏ'లు రెండే. చలికాలం రాకముందే పెళ్ళి చేసుకున్నారు.

పెళ్ళయ్యాక విందుకు నలుగురు చేరితే చాలు, ఆర్వెల్ అదే పాట. "పార్కంతా చుట్టేసి, మిగిలిపోయిన టికెట్లు పట్టుకుని నా దగ్గరికొచ్చింది మా ఆవిడ!"

"నీ టికెట్లు నా దగ్గరెప్పుడు మిగిలాయయ్యా?" అనేది నదీన్, బంగాళాదుంపల గిన్నె అందిస్తూ.

అందరం నవ్వేవాళ్ళం. కానీ ఒకరోజు గుర్రానికి నీళ్ళు పెడుతూ ఆర్వెల్ నన్ను అడిగాడు. "నిజం చెప్పు ఓపల్. తను నాతో సరిపెట్టుకుందా?"

"ఇంటికెళ్ళి ఆవిణ్ణే అడుగు, నన్నడుగుతావేం?" అని కసిరాను. అడగలేదు. నలభై ఏళ్ళకు పైగా కాపురం చేసి ఆ ఒక్క మాట అడగలేకపోయాడు. ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

తర్వాత పార్కువాళ్ళు పుస్తకాలు తీసేశారు. ఒక్క టికెట్టు కొంటే అన్నీ ఎక్కొచ్చు. జనం చప్పట్లు కొట్టారు. దాంతో ఆర్వెల్ బండి ఖాళీ అయింది. మిగిలిన టికెట్టే లేనప్పుడు ఆ బండెవడెక్కుతాడు? చివరి పదకొండేళ్ళూ పార్కింగ్ స్థలంలో జెండా ఊపుతూ కార్లు నిలబెట్టించాడు. దాని గురించి కూడా ఎప్పుడూ ఏమీ అనలేదు.

మొన్న గురువారం కూతురు గేల్ వచ్చింది, తల్లి బట్టలు సర్దడానికి. నేను వాళ్ళ వంటింట్లో కాఫీ పోస్తున్నాను. గేల్ పాత చాక్లెట్ డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నాన్నా, టికెట్ల పుస్తకాలు! అమ్మ వంటల చీటీల కింద దాచింది. వీటికోసం పడిచచ్చేవాళ్ళున్నారు తెలుసా?"

"అవన్నీ 'ఏ'లేలే," అన్నాడు ఆర్వెల్, తలెత్తకుండా. "అందరిళ్ళలోనూ అవే."

"కాదు నాన్నా. చూడు."

ఆయన చూడలేదు. నేనే ఒకటి తీసి విప్పాను. మొదట్లో రెండు 'ఏ'లు చింపిన మొదళ్ళు ఉన్నాయి. ఆ తర్వాత 'బీ'లు, 'సీ'లు, 'డీ'లు, చివర మూడు 'ఈ'లు, మంచుకొండ బొమ్మతో సహా, మడత కూడా పడలేదు. ఇంకోటి విప్పాను. అదీ అంతే. మరోటి. అట్ట వెనక గేటువాళ్ళు వేసిన ముద్రల్లో తేదీలు. అన్నీ పెళ్ళికి ముందటి ఆ వేసవివే, అన్నీ శనివారాలే.

పుస్తకాన్ని ఆయన ముందు పెట్టాను.

"అమ్మకి కొండంటే భయమేమో ఆంటీ," అంది గేల్.

"భయమా? షెడ్డు పైకప్పెక్కి జెండా కట్టొచ్చిన మనిషే మీ అమ్మ! నువ్వు కాసేపు నోరు మూసుకో తల్లీ."

ఆర్వెల్ చింపిన అంచు మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాశాడు. పక్క పుస్తకం తీసుకుని దాని అంచూ తడిమాడు. అలా డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు.

"రెండూ వాడేసింది," అన్నాడు చివరికి. "ఇంకేం ఎక్కలేదు."

చూపు పుస్తకాల మీదే ఉంచి కప్పు అందుకుని, ఎప్పటిలాగే ఒక గుక్క తాగాడు.

"అబ్బా!" కప్పు ఠక్కున కింద పెట్టాడు. "ఇంత వేడిగా ఇస్తే మనుషులు తాగుతారా ఓపల్? నాలుక కాలిపోయింది!"

ఎనిమిది నెలలుగా అదే పొయ్యి, అదే వేడి.

"ఊదుకుని తాగు," అన్నాను.

రెండు చేతులతో కప్పు పట్టుకుని ఊదుకోవడం మొదలుపెట్టాడు. ఊదుతూ ఊదుతూనే ఏడ్చాడు.