తూటాల డబ్బా మీది ఇంగ్లీషు

మొన్న ఎన్నికలకు ముందు ఒక కానిస్టేబులు కాగితాల కట్ట పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. మీసాలింకా పూర్తిగా రాని వయసు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషనులో అప్పగించాలి కదా, ఆ జాబితాలో మా మామ పేరు, పక్కన రివాల్వరు అని ఉందట. ఎక్కడ ఉంది అవ్వా అని అడిగాడు. రివాల్వరు సర్కారుకు అప్పగించి, మామను మట్టికి అప్పగించి చాలా ఏళ్ళయిందని చెప్పాను. ఓటర్ల జాబితాలోంచి ఆయన పేరు ఎప్పుడో తీసేశారు గానీ తుపాకుల జాబితాలో మాత్రం ఆయన ఇంకా బతికే ఉన్నాడు. ఆ కుర్రవాడు పేరు కొట్టేసుకుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ రోజంతా మనసులో బళ్ళారి దగ్గరి సండూరు కొండల్లోనే తిరిగాను.

మామ అంటే నా భర్త తండ్రి. ఎముకల మీద తోలు కప్పినట్టు ఉండేవాడు, కానీ నడిస్తే పాతికేళ్ళవాడు వెనకబడాల్సిందే. ఒక గని యజమాని దగ్గర ఇనుము, మాంగనీసు రాళ్ళు ఎక్కడ పైకి తేలాయో వెతికి పెట్టే పని. చదువు లేదు, సంతకం ఒక్కటే వచ్చు. అది కూడా గీతలు లెక్కపెట్టుకుంటూ చేసేవాడు. కానీ రాయిని పెంకు వెనకవైపు రుద్ది, పడిన గీత ఎరుపా, నలుపా, వాటి మధ్య ఏ రంగా చూసి అది ఎంత ధర పలుకుతుందో చెప్పేసేవాడు. గనిలో మందు పేలుళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి నిలబడడంతో కుడి చెవి పూర్తిగా పోయింది. అందుకే మా ఇంట్లో ఆయనతో ఏదైనా రహస్యం చెప్పాలంటే ఎడమవైపు చేరాలి, దెప్పిపొడవాలంటే కుడివైపు. మా అత్త ఎప్పుడూ కుడివైపే కూర్చునేది.

నేను కాపురానికి వచ్చిన మరుసటి ఏడు యజమాని కొత్త పద్ధతి పెట్టాడు. తెచ్చిన ప్రతి రాయికీ ఒక చీటీ ఉండాలి, అది ఎక్కడ దొరికింది, ఏ గుర్తు నుంచి ఎన్ని అడుగులు, ఏ రంగు అని ఇంగ్లీషులో రాసి ఉండాలి. అందుకోసం పెట్టిన గుమాస్తా రెండు వారాలు కొండెక్కి, ఎలుగుబంటి పేడ చూసి, జ్వరమని ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. నేను ఎస్సెస్సెల్సీ పాసయ్యాను. మా ఆయన గని లారీ తోలేవాడు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. నేను పొద్దున్నుంచీ రాగులు విసిరి, గిన్నెలు తోమి, మిగిలిన పొద్దంతా గోడ మీద బల్లిని చూస్తూ కూర్చునేదాన్ని. మామ అది గమనించాడో లేదో నాకు తెలీదు. ఒకరోజు భోంచేస్తూ, రేపట్నుంచి కోడల్ని కొండకు తీసుకుపోతానన్నాడు. ఇంటి కోడలు కొండలెక్కితే ఊరేమంటాదని అత్త అడిగింది. కుడివైపునుంచి అడిగినా ఆ మాట ఆయనకు వినబడింది.

"ఊరికి ఇంగ్లీషు వస్తే ఊర్నే పిల్చుకపోదును" అన్నాడు మామ, మజ్జిగన్నం కలుపుకుంటూ.

అలా నేను కొండకు పోవడం మొదలైంది. మా ఆయన పాత గుడ్డ బూట్లలో ముందు పాత గుడ్డలు కుక్కుకుని, చీర మోకాళ్ళ దాకా ఎత్తి చెక్కుకుని, భుజాన చీటీల సంచి, చేతిలో టిఫిను క్యారియరు. వానాకాలం ముగిసే రోజుల్లో ఆ కొండలను చూసినవాళ్ళకే తెలుస్తుంది, ఆ ఎరుపు మీద అంత పచ్చ ఎలా నిలుస్తుందో. తడిసిన ఇనుపమట్టి వాసన, బోదగడ్డి వాసన, ఎక్కడో పగిలిన సీతాఫలం వాసన. సాయంత్రం కాళ్ళు కడిగితే నీళ్ళు కుంకుమ కలిపినట్టు పారేవి. నేను ఎప్పుడూ మామకు కుడిపక్కన నడిచేదాన్ని, ఆయన చెవికి బదులు నా చెవి అన్నమాట. నా జీవితంలో నేను ఒకరికి అవసరమయ్యానని మొదటిసారి అనిపించింది ఆ కుడిపక్కనే.

అక్కడివాళ్ళకు చిరుతంటే పెద్ద భయం లేదు. అది మనిషిని చూసి తన దారిన పోతుంది. కరడి, అంటే ఎలుగు, అలా కాదు. దానికి చూపు తక్కువ, ఉలికిపాటు ఎక్కువ. దగ్గరికి వచ్చేదాకా మనల్ని చూడదు, చూశాక మొహం మీదికే వస్తుంది. అందుకే యజమాని మామ పేరున లైసెన్సు తీయించి ఒక పాత రివాల్వరు ఇచ్చాడు. దాంతోపాటు ఇచ్చిన తూటాలకు చిలుము పట్టింది. ఒకరోజు చెదపుట్ట మీద కాల్చి చూస్తే మూడింట రెండు పేలలేదు. పుట్టమీద కాబట్టి సరిపోయింది, కొత్తవి కొందాం పద అని మామ నన్ను బళ్ళారి బస్సెక్కించాడు. నన్నెందుకు అంటే, డబ్బాల మీదంతా ఇంగ్లీషే ఉంటుంది కదా అన్నాడు.

ఆ దుకాణం బళ్ళారి బజారులో ఒక అత్తరు కొట్టు పక్కన ఉండేది. అందుకని నాకు ఈనాటికీ అత్తరు వాసన వస్తే తుపాకులు గుర్తొస్తాయి. దుకాణదారు ఒక ముసలి సాబు. లైసెన్సు పుస్తకాన్ని రెండుసార్లు తిరగేసి, నన్ను ఒకసారి చూసి, రెండు డబ్బాలు బల్లమీద పెట్టాడు. ఒకదానిలో తూటాల ముక్కు మెత్తటి సీసం, కొన చదునుగా ఉంది. ఇంకోదానిలో ముక్కు గుండ్రంగా, రాగి తొడుగు వేసి ఉంది. రెండూ మీ రివాల్వరుకు సరిపోతాయి, అడవిలో దేనికోసమో చెప్పండి అన్నాడు. కరడి కోసమని మామ చెప్పాడు. సాబు రాగి తొడుగుదాన్ని ముందుకు జరిపాడు.

"దేఖో అప్పా, మెత్తది తగిలిన చోటే పరుచుకుంటాది, మనిషికైతే సరే. కరడికి బొచ్చు, కొవ్వు, దాని కింద కండ. లోపలికి దిగేది గట్టిదే."

మామ తల ఊపి, రెండు డబ్బాలూ నా వైపు తిప్పి చదవమన్నాడు. నేను వేలు పెట్టి చదివాను. నిజం చెప్పాలంటే సగం మాటలు నాకు అర్థం కాలేదు. మెత్తటి తూటాల డబ్బా మీద స్టాపింగ్ అన్న మాట పెద్దక్షరాల్లో ఉంది. దాని ముందు ఇంకో చిన్న మాట ఉంది, మ్యాన్ అని. రెంటినీ కలిపితే ఏమవుతుందో నాకు తట్టలేదు. అడిగితే ఎస్సెస్సెల్సీ ఇంతేనా అనుకుంటారని నామోషీ. చిన్న మాటను దాటేసి, ఇది ఆపేస్తుందని రాసుంది మామా, ఎదురొచ్చేదాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది అన్నాను. సాబు నోరు తెరవబోయాడు. మామ చెయ్యెత్తి, మా కోడలు చదివింది కదప్పా అన్నాడు. అంత గర్వంగా ఆయన నా గురించి మాట్లాడడం అదే మొదలు. మెత్తటి తూటాలు సంచిలో వేసుకుని, మిర్చి బజ్జీలు తిని, బస్సులో నేను కిటికీ పక్కన మహారాణిలా కూర్చుని ఇంటికొచ్చాను.

అది జరిగిన నెలన్నరకు, సీతాఫలాలు నిండుగా ఉన్న రోజుల్లో, యశ్వంతనగర్ వైపు ఒక లోయలో నడుస్తున్నాం. మిట్టమధ్యాహ్నం. కుడివైపు పొదలో ఏదో చప్పరిస్తున్న చప్పుడు నాకు వినబడింది. మామ మోచేయి పట్టుకుని ఆపాను. ఆయన ఆగాడు, చప్పుడు కూడా ఆగింది. మరుక్షణం పొద చీలి ఎలుగు మా మీదికి వచ్చింది. పది అడుగుల దూరం కూడా ఉండదు. మామ నన్ను వెనక్కి నెట్టి రివాల్వరు తీశాడు. ఆయన చెయ్యి ఎంత నిలకడగా ఉందో నేను చూశాను, సంతకం చేసేటప్పుడు కూడా అంత నిలకడగా ఉండేది కాదు. రెండు గుండ్లు పేల్చాడు. రెండూ దాని భుజం మీద తగలడం, దుమ్ము లేవడం నా కళ్ళతో చూశాను. అది ఆగలేదు. ఆయన్ని పడేసి మీద కూర్చుంది.

తర్వాత నేనేం చేశానో సగం ఇతరులకు చెప్పి చెప్పి గుర్తున్నదే. రాళ్ళు కొట్టే సుత్తి తీసుకుని టిఫిను క్యారియరు మీద బాదుతూ, గొంతు చిరిగేట్టు అరుస్తూ దాని మొహం ముందుకే పోయాను. అది రెండు కాళ్ళ మీద లేచి నా వైపు చూసింది, ముందుకు వంగింది, తిరిగి పొదల్లోకి వెళ్ళిపోయింది. నా చప్పుడుకు పోయిందో, దాని కోపం తీరి పోయిందో నాకు తెలీదు. మామ ఎడమ చెంప, భుజం, మోచేతి నుంచి వేళ్ళదాకా చీరుకుపోయాయి. నా చీర కొంగు చింపి కట్టాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, మైలున్నర నడిచి లారీ దారికి వచ్చాడు. దారిలో ఒక్కసారి మాత్రం నిలబడి, చీటీల సంచి తెచ్చినావా అని అడిగాడు.

ఖనిజం లారీలో బళ్ళారి ఆస్పత్రికి చేరాం. మూడు వారాలు అక్కడే. నేను మంచం పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని, అందరూ భయంతో ఏడుస్తోందనుకునేవారు. అత్త వచ్చిన రోజు, ఆ తుపాకీ ఏం పనికొచ్చింది, ఆ గుండ్లు ఎవరు ఏరినారు అని నేరుగా అడిగేసింది. మామ కట్ల మధ్యనుంచి ఒక కన్నుతో ఆమెను చూశాడు.

"గుండ్లు మంచివే ఉండాయి. నా చెయ్యి వణికింది, అంతే" అన్నాడు.

వంకర లేని మనిషి చెప్పిన అబద్ధం అది. అత్త నమ్మింది. తర్వాత ఆమె నా పక్కన కూర్చుని, నువ్వు లేకుంటే ఈయప్ప మాకు దక్కేవాడు కాదు అని నా తల నిమిరింది. ఆ చెయ్యి బరువుకు నేను ఇంకా ఎక్కువ ఏడ్చాను.

గాయాలు మానాయి. ఎడమచేతి రెండు వేళ్ళు మాత్రం ముడుచుకోవడం మానేశాయి. ఇక కోడలిని కొండకు పంపరని ఊరంతా అనుకుంది, నేనూ అనుకున్నాను. నిజానికి నాకే పోవాలని లేదు. చైత్రంలో ఒకరోజు మామ తలపాగా చుట్టుకుని బళ్ళారి పోదాం రమ్మన్నాడు. అదే బజారు, అదే దుకాణం. సాబు ఆయన చెంపను చూసి లేచి నిలబడి కుర్చీ జరిపాడు. మామ రెండు రకాల డబ్బాలూ తెమ్మని, వాటిని నా ముందు పెట్టి, చదువమ్మా అన్నాడు.

డబ్బాలను చేతుల్లో అటూ ఇటూ తిప్పాను. చివరికి చెప్పేశాను. మామా, పోయినసారి నాకు సగం తెలియలేదు, తెలిసినట్టు చెప్పినాను, నీ చెయ్యి వణకలేదు అన్నాను. సాబు తల తిప్పి అల్మారా సర్దుతున్నట్టు నటించాడు.

"తెలుసమ్మా. ఆస్పత్రిలో నువ్వు ఏడ్చిన ఏడుపు కరడి కోసరం కాదని అప్పుడే తెలిసె" అన్నాడు మామ. "సాబు చెప్తాంటే నేనూ విన్లేదు. ఆ పొద్దు రెండు చెవులూ పోయినోన్ని నేను. ఇప్పుడు చదువు. తెలీని మాట యాడుందో ఆడ ఆగు. ఆగి అడుగు."

నేను వేలు పెట్టి మొదటి అక్షరం నుంచి చదివాను. నాలుగు చోట్ల ఆగాను. ఆగిన ప్రతిచోటా సాబును అడిగాను. మ్యాన్ స్టాపింగ్ అంటే మనిషిని ఆపేది, కరడిని కాదు అన్నాడు. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు, కానీ నేను పలికితే ఆ మాటకు అర్థం తెలుసు. అలా ఒకరికి వచ్చిన అక్షరం, ఇంకొకరికి తెలిసిన అర్థం కలిపి ఆ బల్ల దగ్గర గంటసేపు కూర్చున్నాం. మామ మా ఇద్దరి మధ్య, వినబడే చెవి ముందుకు పెట్టుకుని. రాగి తొడుగు తూటాలు నేనే ఎంచాను. మరుసటి వారం కొండెక్కాం.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు చీటీలు రాశాను. ఎలుగులు చాలాసార్లు కనబడ్డాయి, దూరంగా. నా చెవి ముందే చెప్పేది, మేం పక్కకు తప్పుకునేవాళ్ళం. ఆ తూటాల్లో ఒక్కటీ పేల్చే అవసరం రాలేదు. నాకు తెలీనిదాన్ని తెలీదని చెప్పడం మాత్రం అలవాటైపోయింది, దాంతోనే తర్వాత యజమాని ఆఫీసులో కుర్చీ దొరికింది, నా పిల్లల చదువులు గడిచాయి. మామ ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె తిని పడుకుని మళ్ళీ లేవలేదు. అప్పుడు ఆయనకున్న వయసు కన్నా ఇప్పుడు నా వయసే ఎక్కువ. మనల్ని నమ్మినవాళ్ళు వెళ్ళిపోయాక మిగిలే కాలమంతా ఆ నమ్మకానికి సరిపోవడానికి ఇచ్చిన గడువేననిపిస్తుంది. నాకా గడువు చాలా ఎక్కువే దొరికింది.