తమ్ముడి ఇంటి పునాదిలో ఎముక

మా వైపు ఇంటికి మొదటి రాయి ఆడపడుచు పెట్టాలి. అందుకే కిరండూల్ నుంచి భోపాల్‌పట్నం దగ్గరున్న మా తమ్ముడు శ్రీనివాస్ చేనుకు ప్రయాణమయ్యాను. తెల్లవారుజామున నాలుగింటికి జీపులో గీదం, అక్కడి నుంచి బీజాపూర్ మీదుగా బస్సు. ఒళ్లో పూజ బుట్ట చూసి డ్రైవర్ అడిగాడు, "ముహూర్తం ఎన్నింటికి దీదీ? ఆ లెక్కన తోలతా." "పదకొండుకి నాయనా. ప్రాణాలతో దింపు, చాలు." పదిన్నరకు దింపాడు.

ఈశాన్యం గుంట పక్కన నిడుపాటి నున్నటి రాయి ఉంది. దున్నుతుంటే నాగలికి తగిలిందట, మొదటి రాయిగా దాన్నే ఉంచారు. గుంటలో పట్టదని మేస్త్రీ సమ్మెటతో రెండు చేశాడు. పసుపు రాయబోయి విరిగిన చోట చెయ్యి పెట్టాను. లోపలంతా తేనెపట్టులా చిల్లులు, కొట్టిన మేక ఎముకలో ఉన్నట్టే. చెయ్యి లాక్కున్నాను.

"ఏందక్కా, ముహూర్తం పోతది!" అన్నాడు తమ్ముడు.

"ఇది ఎముకరా."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "గింత లావు ఎముక ఎవలిదమ్మా, రాక్షసునిదా?"

బడిలో సైన్సు చెప్పే మరదలు సుజాత వంగి చూసింది. "వదినా, డైనోసార్‌దేమో ఇది. ఆకులు అలములు తినేది, ఇంటికన్నా పెద్దగుంటది. డైనోసార్ల కాలంల గిట్లాంటివి తిరిగినయి. సర్కారోళ్లు వచ్చి తేల్చాలె."

స్థలంలో ఎముక ఉంటే శల్యదోషం. మొత్తం తీశాకే పునాది. తమ్ముడు గడ్డపార అందుకున్నాడు. "తవ్వితే ముక్కలైతది!" అని సుజాత అడ్డం పడింది. అతను పైమట్టి మాత్రం గీరాడు. ఇంకో ఎముక. దాని పక్కన మరొకటి. వంటింటికి ముగ్గు పోసిన చోటు దాకా వరసగా. గడ్డపార జారవిడిచాడు.

"ఎంతని తీయాలె అక్కా?"

ఈ స్థలం కాక వాళ్లకున్నది పక్కనే ఎర్రబడుతున్న మిరప చేను. ఏడాది తిండి అదే.

"తీయకుండా ఇల్లు కట్టలేం. తీస్తే దాన్ని మళ్లీ చంపినట్టే," అన్నాను.

తమ్ముడు ఇంటి కొలతకు పాతిన గుంజలు పీకి, తాడు చుట్టుకుని, మిరప సాళ్లలోకి దిగాడు. "ఇక్కడ ఈశాన్యం ఎటుందో చూడక్కా," అన్నాడు. కాయలతో ఉన్న మొక్కలను సుజాతే పీకడం మొదలుపెట్టింది.

ఇన్నేళ్లూ ఆ చేలోకి వచ్చినప్పుడల్లా అంత పెద్ద ప్రాణి మీద కూర్చుని అన్నాలు తిన్నాం, పిల్లల్ని పడుకోబెట్టాం. వారమైనా నేను తేరుకోలేకపోతున్నాను. దేవుడి ముందు దణ్ణమైతే పెడుతున్నాను, అడగడానికి మాటే దొరకడం లేదు.

అటు వెళ్లేవారికి ఒక్క మాట. వాగులోనో చేలోనో విరిగిన చోట చిల్లులున్న రాయి కనిపిస్తే ఎత్తకండి, కడగకండి. ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, కలెక్టరాఫీసులో చెప్పండి.