బావగారికి అమ్మని మెమరీ

నా పాత ల్యాప్‌టాప్‌లో ఒక వాక్యం టైపు చేస్తే, అది తెర మీదికి వచ్చేలోపు కాఫీ చల్లారిపోతోంది. మెమరీ పెంచితే బాగుపడుతుందన్నారు. కానీ ఆ రకం మెమరీ ఇప్పుడు తయారు చేయడం లేదట. రాజమండ్రిలో ఎన్నో కంప్యూటర్ షాపులు తిరిగాక, ఈ రోజు ఒకచోట కంటబడింది.

షాపాయన దాన్ని సొరుగులోంచి తీసి, "ఏ ఊరండి మనది?" అన్నాడు. మొగల్తూరన్నాను. అక్కడితో ఆగాడా! ఇంటిపేరు అడిగాడు, మా అమ్మ పుట్టిల్లు అడిగాడు, చివరికి నేను ఆయన పిన్నిగారి ఆడపడుచు కొడుకునని తేల్చాడు. మెమరీ మళ్ళీ సొరుగులోకి వెళ్ళిపోయింది.

"అదేంటండీ, ఇవ్వండి," అన్నాను.

"అబ్బే, ఇది వాడేసిన సరుకు బావగారూ. రేపు పాడైతే పెళ్ళిళ్ళలో అత్తయ్యగారికి మొహం ఎలా చూపించను? కొత్త ల్యాప్‌టాప్ తీసుకోండి, మనవాళ్ళ ధరకే ఇస్తాను."

పైగా కూల్‌డ్రింక్ తెప్పించాడు. నేనది తాగుతుండగానే, అచ్చం నాదానిలాంటి ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంకొకాయన వచ్చాడు. "దీనికి మెమరీ వేయాలి. జంగారెడ్డిగూడెం బస్సుకి టైమైపోతోందండి, కొంచెం తొందరగా చూడండి," అన్నాడు. మా బావగారు ఊరూ పేరూ అడక్కుండా, నా కళ్ళ ముందే ఆ మెమరీ తీసి ఆయనకి బిగించి పంపించాడు.

ఇంటికొచ్చి, చల్లారిన కాఫీ పక్కన పెట్టుకుని ఇది టైపు చేస్తున్నాను. నాకు ఏమీ కాని కంప్యూటర్ షాపువాళ్ళెవరైనా తెలిస్తే చెప్పండి. సరుకు పాతదైనా ఫరవాలేదు, కొత్త చుట్టం మాత్రం వద్దు.